కోకిల మాటెత్తొద్దు

"కోకిలేంటండీ మాస్టారూ, కోకిల?"

చర్చి గేటు దగ్గర ఆరాధన అలా నిలదీసేసరికి నతానియేలు వెనక్కి జరిగి గేటుకి ఆనుకుపోయాడు. హైస్కూల్లో తెలుగు చెప్పే మనిషి, చర్చిలో ఏ పండుగొచ్చినా మైకు వదలని మనిషి, ఇప్పుడు గేటు గొళ్ళెం అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

జరిగిందేంటంటే, సత్తెనపల్లి పక్కన వాళ్ళ ఊళ్ళో ఆ రోజు కోతకాల పండుగ. ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, ఊరంతా వినబడేట్టు అరుస్తున్న ఒక కోడిపుంజు. ఆ తర్వాత ఆరాధన పాడాలి. మన మాస్టారు ఊరుకుంటాడా? "కోకిల కంఠం, వీణానాదం, తేనెలొలికే గానం... మన ఆరాధన!" అని ఊదరగొట్టాడు.

ఆరాధనది బొంగురు గొంతు. చిన్నప్పటి నుంచీ అంతే. కోకిల కోసం చెవులు రిక్కించిన జనానికి ఆ గొంతు వినబడగానే వెనక బెంచీల కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఒకడైతే "కుహూ" అని కూడా అన్నాడు. ఆమె రెండో చరణంలో ఆగిపోయి, మైకు అక్కడే పెట్టి దిగొచ్చేసింది.

"నన్ను వెక్కిరించడానికి ఇంకేం దొరకలేదా?"

"వెక్కిరింపు కాదండీ! మీ పాటంటే నాకు..."

"నా పాట ఇక ఉండదు లెండి," అని స్కూటీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది.

పాపం, నిజంగానే వెక్కిరింపు కాదు. ఆదివారం వచ్చిందంటే అతను ఆ గొంతు కోసమే ముందు వరసలో కూర్చుంటాడు. తీరా పొగడాల్సొచ్చేసరికి సన్మాన పత్రాల్లో పడుండే మాటలు తెచ్చి తగిలించాడు. అంత ఇష్టమైన గొంతుని నలుగురిలో నవ్వులపాలు చేసింది తనే. ఆమె మళ్ళీ పాడకపోతే ఆ పాపం తనదే.

మర్నాటి నుంచీ వాట్సాప్‌లో సారీలు మొదలయ్యాయి. సారీతో పాటు ఒక్కో మాట.

"శ్రావ్యంగా ఉంటుంది అంటే?"

"స్కూల్ యానివర్సరీలో అనండి."

"మృదుమధురం?"

"బిస్కెట్ ప్యాకెట్ మీద రాయించండి."

"వీనులవిందు?"

"కేటరింగ్ వాళ్ళనడగండి."

"మంద్రం?"

దీనికి మాత్రం సాయంత్రం దాకా జవాబు లేదు. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో తన పని ముగించుకున్నాక ఆరాధన రాసింది. "గూగుల్‌లో చూశాను. కింది స్థాయి స్వరమట. మాట బాగానే ఉంది మాస్టారూ. కానీ అది అందరిదీ. నేను పాడితే మీకేమనిపించిందో ఎప్పుడైనా చెప్పారా?"

నతానియేలు ఇంకో మాట టైపు చేయబోయి చెరిపేశాడు. నిజమే, చెప్పలేదు.

మార్చిలో ఓ శనివారం మధ్యాహ్నం, ఎదురుగానే చెబుదామని ఆరాధన వాళ్ళ కల్లానికి వెళ్ళాడు. ఆమె, నాయనమ్మ ప్రేమమ్మ కూర్చుని తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆ ఏటి మిరప పంటంతా అక్కడే ఎర్రగా పరిచి ఉంది. మాస్టారు నోరు తెరిచాడో లేదో, ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి.

"ముందు తుమ్ముకోండి. తర్వాత పొగుడుదురుగానీ," అంది ఆరాధన.

ఇంతలో పడమట ఉరిమింది. గాలి లేచింది. ఆరాధన చేతిలో చేట పడేసి, "ఓ పీరు బాబాయ్! వానొస్తంది, పట్టలు తే!" అని ఒక్క కేక పెట్టింది. పక్క కల్లంలోంచి పీరు టార్పాలిన్ పట్టలు భుజానేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మాస్టారు ప్యాంటు పైకి మడిచాడు. అందరూ కలిసి పట్టలు లాగి, కాయల మీద కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి పాకలోకి దూరేసరికి వాన అందుకుంది.

ప్రేమమ్మ కొంగు నలుపుతూ బయటికే చూస్తోంది. "పోయినేడూ ఇట్టాగేనే. కింద నుంచి నీళ్ళు చేరి కాయంతా బూజు పట్టింది. ప్రభువా, ఈసారి కూడానా!"

ఆరాధన నాయనమ్మ భుజం చుట్టూ చెయ్యేసింది. ఏమనుకుందో ఏమో, మెల్లగా పాట ఎత్తుకుంది. మాస్టారు అక్కడున్న సంగతే మర్చిపోయింది.

బయట పట్టల మీద వాన దబదబా కొడుతోంది. లోపల ఆ గొంతు గరగరగా, వెచ్చగా, తొందరనేది లేకుండా సాగింది. ప్రేమమ్మ కొంగు నలపడం మానింది. పీరు బీడీ వెలిగించబోయి మానేశాడు. మాస్టారి తుమ్ములు ఎప్పుడాగాయో అతనికే తెలీదు.

పాట అయ్యాక ఆరాధన తలెత్తి అతన్ని చూసింది. "ఏంటి మాస్టారూ, ఇవాళ్టి మాటేంటి?"

"దొరకలేదండీ."

"అయ్యో, డిక్షనరీ అయిపోయిందా?"

"నవ్వనంటే ఒకటి చెబుతాను. మా నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకు లోపల ఎప్పుడూ ఏదో భయం. మీరు పాడుతుంటే... వానొచ్చే ముందు కాయల మీద పట్ట కప్పినట్టు ఉంటుంది. ఇంక తడవను అనిపిస్తుంది. అందుకే ముందు వరసలో కూర్చుంటాను."

ఆరాధన కళ్ళు తుడుచుకుంది. "కోకిల నుంచి పట్టకి దిగానా!" అంది.

"నోర్ముయ్యవే," అంది ప్రేమమ్మ. "కోకిలొచ్చి మన కాయలు కాపాడుద్దా? పట్టే నయం."

మళ్ళీ పాడతానని ఆ రాత్రి ఆరాధనే మెసేజ్ పెట్టింది. మర్నాడు చర్చిలో మాస్టారు మైకు పట్టుకోగానే వెనక బెంచీల కుర్రాళ్ళు నవ్వడానికి సిద్ధమయ్యారు. "ఆరాధన పాడతారు," అన్నాడతను. అంతే, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె ఆఖరి చరణం దాకా పాడింది. ఎవరూ నవ్వలేదు. "కుహూ" అన్నవాడు తల వంచుకుని విన్నాడు.

గేటు దగ్గర ఆమే ఆగింది. "ఒక్క మాటా పొగడలేదేం?"

"మీకు నచ్చదుగా."

"మైకులో నచ్చదు. నా ఒక్కదానికి చెప్పొచ్చు."

"రోజూ చెప్పాలనుంది," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి. "బతికినన్నాళ్ళూ. మీ నాయనమ్మ గారిని అడగనా?"

వెనక చెప్పులు వెతుక్కుంటున్న ప్రేమమ్మ తలెత్తకుండానే అంది. "నన్నేం అడుగుతావయ్యా? వానలు మొదలయ్యే లోపు మీ అమ్మని తోలుకురా."

ఆరాధన పగలబడి నవ్వింది. బొంగురుగా, చర్చి ఆవరణంతా వినబడేట్టు నవ్వింది. ఆ నవ్వుకి ఏ మాట సరిపోతుందా అని మాస్టారు వెతకలేదు, వింటూ నిలబడ్డాడు.