బీరన్న వేయని ఈల

మక్తల్ టీమ్ నారాయణపేట చేతిలో ఓడిపోయి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో అదే మ్యాచ్‌ను గాలయ్య హోటల్లో మక్తల్ కనీసం ఇరవైసార్లు గెలిచింది. బెంచీ మీద పదకొండు చాయ్ గ్లాసులు పేర్చి, అటూ ఇటూ జరుపుతూ గెలిపిస్తున్నవాళ్లలో బంతిని ఒక్కసారైనా కాలితో తన్నినవాడు లేడు.

వాళ్లందరికీ పెద్దదిక్కు ఇస్రాయేలు సార్. బళ్లో లెక్కలు చెబుతాడు. 1958లో ట్రైనింగ్ కోసం హైదరాబాద్ పోయినప్పుడు అక్కడ ఒక పెద్ద మ్యాచ్ సగం చూశాడు. బస్సు పోతుందని మిగతా సగం చూడలేదు. ఆ సగం మ్యాచ్ మీద మూడేళ్లుగా ఊళ్లో గౌరవంగా బతుకుతున్నాడు.

"కోచ్ అన్నోనికి ప్లాన్ ఉండాలె. గొర్లను మలిపినట్టు మనుషులను మలుపుతనంటే ఎట్ల?" అన్నాడు సార్, గ్లాసును గోల్ నుంచి రెండు వేళ్లు ఎడంగా పెడుతూ.

"ప్లాన్ ఉండే సార్. నారాయణపేటోళ్ల ప్లాన్ ఉండే," అన్నాడు బస్టాండులో టికెట్లు కోసే పెద్దులు. "బీరన్న ఇంటికి వాళ్లు చీర పంపిన్రంట."

మక్తల్లో ఆడవాళ్లు కట్టేవి సగం నారాయణపేట చీరలే. ఆ లెక్కన ఊరు ఊరంతా అమ్ముడుపోయినట్టే. కానీ ఆ మాట ఎవరికీ తట్టలేదు. పెద్దులు భార్య ఆ పూట కట్టుకున్నదీ నారాయణపేట చీరే.

మూలన కూర్చున్న పర్వతాలు చాయ్‌లోకి చూస్తూ ఉండిపోయాడు. మక్తల్ గోల్‌కీపర్ అతనే. అసలు ఏం జరిగిందో ఆ హోటల్లో తెలిసినవాడూ అతనొక్కడే.

కోచ్ బీరన్న గొర్ల కాపరి. టీమ్‌లో ఎక్కువమంది గొర్లు కాసే ఇళ్లలో పుట్టినవాళ్లే కాబట్టి, డిఫెన్స్, అటాక్ అని వాళ్లకు చెప్పి లాభం లేదని ఆయన ఈలలతోనే ఆట నేర్పాడు. ఒక పొట్టి ఈల వేస్తే ముందుకు పోవాలి. రెండు వేస్తే విడిపోవాలి. పొడుగ్గా సాగదీసి వేస్తే, ఎక్కడివాళ్లు అక్కడ అన్నీ వదిలి ఆ ఈల దగ్గరికి ఉరకాలి. ఆ చివరి ఈలను ఆయన ప్రాక్టీసు ముగించడానికే వాడేవాడు.

మ్యాచ్ ఒకటి ఒకటిగా ఉంది. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. బంతి మక్తల్ గోల్ ముందు ఉంది. అప్పుడు వినబడింది, పొడుగాటి ఈల. మెదడు వద్దనేలోపే కాళ్లు లేచాయి. ఎనిమిదిమంది గొర్ల కాపరులు బంతిని వదిలి బీరన్న నిలబడ్డ వైపు ఉరికారు. ఎనిమిదిమంది ఉరుకుతున్నారు కదా అని మిగతా ఇద్దరూ ఉరికారు. నారాయణపేట ఆటగాడు ఒకసారి చుట్టూ చూసుకుని, మర్యాదగా గోల్ కొట్టాడు.

గోల్‌లో ఉన్న పర్వతాలు మాత్రం ఉరకలేదు. తల తిప్పి చూశాడు. బీరన్న చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆయన వెనక, జొన్న చేను గట్టు మీద, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఆయన బిడ్డ గోపమ్మ నిలబడి ఉంది. మరుక్షణం ఆమె చేన్లోకి దూరిపోయింది. జనమంతా బంతినే చూస్తున్నారు గనక ఆమెను ఇంకెవరూ చూడలేదు.

*

నాలుగో రోజు పొద్దున పర్వతాలు ఆ గట్టు దగ్గరికి పోయాడు. గోపమ్మ మందను మలుపుతోంది.

"మొకం మాడ్చుకొని వచ్చినవేంది బావా? గోలు గింత పొద్దుగాల దొరుకుతదనా?"

"గా ఈల ఏసింది నువ్వే."

"నేనే. అయితే ఏంది? పటేల్ చేన్ల ఇరవై గొర్లు పడ్డయ్. మీరేమో ఒక్క తోలుబంతి కోసం ఇరవైమంది కొట్లాడుతున్నరు. నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె? పిలిచిన. పదిమంది వచ్చిన్రు."

"నేను రాలే."

"అవు, నువ్వు రాలే. ఆడ్నే నోరు తెరుసుకొని నిలబడ్డవ్. బంతి చెవి పక్క నుంచి పోతాంటే గూడ గిటే చూస్తున్నవ్. ఏం చూసినవ్?"

పర్వతాలు మంద వైపు తిరిగాడు. "గొర్లను."

"ఏ గొర్రెను?"

గోపమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూసి అతనికి ఓడిపోయిన మ్యాచ్ మీద దుఃఖం చాలావరకు తగ్గిపోయింది.

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నాయినకు తెల్సు," అంది గోపమ్మ. "ఈల నేర్పినోనికి తెల్వదా? గంతమంది మొగోళ్ల నడుమ పెండ్లిగాని పిల్ల ఈలేసిందంటే ఊరు ఊకుంటదా అని, ఎవ్వలికి చెప్పనని నాతోటి ఒట్టేయించుకున్నడు. తప్పు తన మీద ఏస్కుంటడంట. ఆదివారం హోటల్ కాడ టీమ్‌ను ఇస్రాయేలు సార్‌కు అప్పజెప్పి, మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోతమంటున్నడు."

"మళ్లెప్పుడు వస్తరు?"

"రాం. ఇజ్జత్ పోయిన ఊళ్లె ఎందుకంటున్నడు. ఆడ మా మేనత్త ఉన్నది." చేతిలోని కర్రతో ఒక గొర్రెను అదిలించింది. "ఆమె కొడుకు గూడ ఉన్నడు."

పర్వతాలుకు ఆ కొడుకు ఎలా ఉంటాడో తెలియదు. అయినా అతని మీద పట్టరానంత కోపం వచ్చింది.

"నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు. ఏం చేయాలో అప్పటికి అతనికేమీ తోచలేదు.

*

ఆదివారం గాలయ్య హోటల్లో కాలు పెట్టే జాగా లేదు. భుజాన గొంగడి వేసుకుని బీరన్న మధ్యలో నిలబడ్డాడు. టీమంతా గోడ వెంబడి బెంచీల మీద కూర్చుంది. ఇస్రాయేలు సార్ ఒక కాగితం విప్పాడు.

"కోచ్ చేసిన తప్పులు ఏడు," అని మొదలుపెట్టాడు. "ఒకటి, ఆఖరు నిమిషంల ఈల. రెండు, ఆఖరు నిమిషంల పొడుగు ఈల. మూడు..."

మిగతా నాలుగూ ఆ ఈల గురించే. లెక్కల సార్ కనుక లెక్క మాత్రం తప్పలేదు.

"చీర సంగతి రాయలే సార్," అని గుర్తుచేశాడు పెద్దులు.

"తప్పు నాదే," అన్నాడు బీరన్న, తల వంచుకుని. "ఈల నేనే ఏసిన. ఇగ టీమ్ మీది."

ఆ పెద్దమనిషి తల అలా వంగడం చూసి పర్వతాలు కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"అబద్ధం. ఈలేసింది నేను!"

నవ్వులతో హోటల్ రేకులు అదిరాయి.

"నీ గోల్ ముందట బంతి పెట్టుకొని, నీ టీమ్‌ను నువ్వే ఎల్లగొట్టినవా?" అన్నాడు పెద్దులు.

"అవు."

"ఎందుకు?"

దాని గురించి పర్వతాలు ఆలోచించుకుని రాలేదు. "గాలి ఆడ్తలేకుండే," అన్నాడు.

"అయితే ఒక్కసారి ఏసి చూపియ్," అన్నాడు ఇస్రాయేలు సార్, పెన్సిల్ సిద్ధంగా పట్టుకుని.

పర్వతాలు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదాడు. గాలి వచ్చింది, తుంపర వచ్చింది, ఈల రాలేదు. మక్తల్ గొర్ల కాపరుల్లో ఈల వేయడం రానివాడు అతనొక్కడే. చిన్నప్పటి నుంచీ ఆ కారణంగానే అతన్ని మందకు దూరంగా, గోల్ దగ్గర నిలబెడుతూ వచ్చారు. ఇంకోసారి ఊదాడు. గాలయ్య పక్కకు జరిగి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు బయటి నుంచి వినబడింది.

పొడుగాటి ఈల. బెంచీలు పడ్డాయి, గ్లాసులు పగిలాయి, ఎనిమిదిమంది ఒక్క గెంతులో రోడ్డు మీదికి ఉరికారు. మిగతా ఇద్దరూ వాళ్ల వెనక ఉరికారు. రోడ్డు అవతల, మంద ముందు, ఒక చేత్తో కర్ర పట్టుకుని గోపమ్మ నిలబడి ఉంది. రెండు వేళ్లూ ఇంకా పెదాల దగ్గరే ఉన్నాయి.

"ఒట్టేమైందే?" అన్నాడు బీరన్న, గుమ్మంలోకి వచ్చి.

"ఎవ్వలికి చెప్పనని ఒట్టేసిన నాయినా. చెప్పలే. ఏసి చూపిచ్చిన." ఆమె వేళ్లు దించి తండ్రి వైపు తిరిగింది. "నా తప్పుకు నువ్వు తల వంచుతాంటే నేను చూడలేను."

ఊరు ఏమంటుందోనని బీరన్న చుట్టూ చూశాడు. ఊరు అప్పటికే వేరే పనిలో ఉంది.

"ఎనిమిదో తప్పు," అంటూ ఇస్రాయేలు సార్ రాసుకుంటున్నాడు. "గిట్ల ఈలేసే మనిషిని ఇంట్ల పెట్టుకొని, టీమ్‌కు పనికి పెట్టకపోవుడు."

"నేను మొన్ననే అన్న," అన్నాడు పెద్దులు. అతను అన్నది చీర గురించి.

బీరన్న పర్వతాలు వైపు తిరిగాడు. "నువ్వెందుకు అబద్ధమాడినవ్ర?"

"మీరు కృష్ణ ఒడ్డుకు పోతరని."

"పోతే నీకేంది?"

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని పర్వతాలుకు తెలిసింది. ఇంతమంది ముందే చెప్పాడు.

"గోపమ్మ పోతది గద మామా. ఆమె లేకుంటే నేను గీ ఊళ్లె ఉండలేను. అసలు మ్యాచ్ ఓడింది నాతోని. ఈల మీది కాదని తిరిగి చూడంగనే తెల్సింది. బంతి అందేటట్టే వచ్చింది. ఆపొచ్చు. ఆమెను చూస్తున్న. చూపు మళ్లలే."

హోటల్లో ఎవరూ నవ్వలేదు. గోపమ్మ తల దించుకుంది, చెవుల దాకా ఎర్రబడింది. బీరన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బంతి వదిలిపెట్టి పిల్లను చూసేటోనికి నా టీమ్‌ల జాగా లేదు," అన్నాడు చివరికి. పర్వతాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇంట్ల ఉన్నది. అది గూడ, పిల్ల ఒప్పుకుంటేనే."

అందరూ గోపమ్మ వైపు చూశారు.

"మన మందల నూటిరువై గొర్లున్నయ్ నాయినా," అంది ఆమె. "ఇంకొకటి ఎక్కువైతే మనకు బరువా?"

అంతవరకూ బీరన్న నవ్వడం ఆ హోటల్లో ఎవరూ చూసి ఉండలేదు. ఆయన నవ్వుతుంటే గొంగడి భుజం మీంచి జారిపడింది.

"ఒక్క నిమిషం!" అన్నాడు ఇస్రాయేలు సార్. "గోల్‌కీపర్‌ను గిప్పుడు తీసేసుడు రాంగ్ డెసిషన్."

"రైట్ డెసిషన్," అన్నాడు పెద్దులు. గాలయ్య పగలని గ్లాసులు ఏరి బెంచీ మీద పేర్చాడు. బీరన్న తానూ ఒక గ్లాసు జరిపి, వాళ్ల మధ్యనే కూర్చున్నాడు.

పర్వతాలుకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. రోడ్డు దాటి గోపమ్మ దగ్గరికి పోయాడు.

"బంతినే ఆపనోడివి," అంది ఆమె కళ్లెత్తకుండా, "నన్నెట్ల ఆపుతవ్?"

"ఆపను పిల్లా. నువ్వు యాడికి పోతే ఆడికి నేనొస్త."

గోపమ్మ మందను మలిపే కర్రను అతని చేతికిచ్చి, మంద వైపు నడిచింది.