రెండో స్ప్రింగ్

శనివారం పొద్దున్నే లోవెల్ కాఫీ కప్పు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాడు. నలభై ఆరేళ్లుగా అతనికి తెల్లవారేది అక్కడే. చుట్టుపక్కల ఎవరి పిస్తోలు మొరాయించినా, ఎవరి రైఫిల్ గురి తప్పినా ఆ గ్యారేజీకే తెచ్చేవాళ్లు. ఈమధ్య ఎవరూ రావడం లేదు. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అంటున్నారట. ఆ మర్యాద కన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండునని లోవెల్ అనుకునేవాడు.

అందుకే పోయిన వారం కూతురు రీవా తన షూటింగ్ పోటీల పిస్తోలు తెచ్చి బల్లమీద పెట్టినప్పుడు అతని ప్రాణం లేచొచ్చింది. "దీని ట్రిగ్గర్ మరీ మొండిగా ఉంది నాన్నా. లోపలి ముక్కల కొత్త సెట్టు తెప్పించాను. నువ్వే వెయ్యాలి" అంది. పట్నంలో కుర్రవాడెవడో బాగా చేస్తాడని అల్లుడు కర్ట్ చెప్పినా వినలేదట. లోవెల్ రెండు రోజులు కూర్చుని చేశాడు. ఐదున్నర పౌన్ల బలం పెట్టి లాగాల్సిన ట్రిగ్గర్ మూడు పౌన్లకే మెత్తగా కదిలింది. గురువారం సాయంత్రం వచ్చి రీవా తీసుకెళ్లింది.

అతనికో పద్ధతి ఉంది. తీసిన పాత ముక్కల్ని తీసిన వరసలోనే గుడ్ల అట్టపెట్టె గుంటల్లో వేస్తాడు. పని పూర్తయ్యేసరికి పాతవన్నీ అట్టపెట్టెలో ఉండాలి, కొత్తవి వచ్చిన ప్యాకెట్ ఖాళీ కావాలి. ఆ పొద్దున బల్ల సర్దుతూ గుంటలు వేలితో తడిమి చూసుకున్నాడు. పాతవన్నీ ఉన్నాయి. ప్యాకెట్‌ని నలిపి చెత్తబుట్టలో వేయబోతే లోపల ఏదో గీసుకున్నట్టు చప్పుడైంది.

కాగితం చించి అరచేతిలోకి దులిపాడు. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. కళ్లు చిట్లించినా నల్లటి మచ్చ తప్ప ఏమీ కనబడలేదు. బొటనవేలితో నొక్కితే మెల్లగా పైకి తోసింది. స్ప్రింగ్.

పాత స్ప్రింగ్ నాలుగో గుంటలో ఉంది. కొత్తది చేతిలో ఉంది. మరి పిస్తోల్లో ఏముంది?

ఆ పిస్తోలుకి బయట సుత్తి ఉండదు. తూటాని కొట్టే సూది లోపలే దాక్కుని ఉంటుంది. ట్రిగ్గర్ లాగనిదే ఆ సూది ముందుకి దూకకుండా ఒక చిన్న అడ్డుబిళ్ల ఆపుతుంది. ఆ బిళ్లని తన చోట నిలిపేది ఈ స్ప్రింగే. ఇది లేకపోయినా ట్రిగ్గర్ చక్కగా కదులుతుంది, టక్కుమని చప్పుడూ చేస్తుంది. కానీ చెయ్యి జారి నేలమీద పడిందంటే దానంతట అదే పేలవచ్చు.

అతను స్ప్రింగుని గుప్పిట్లో మూసుకున్నాడు.

"లోవెల్! గుడ్లు చల్లారిపోతున్నాయి, వస్తున్నావా లేదా?" వంటింట్లోంచి భార్య ఆర్డిత్ పిలిచింది.

అతను తలుపు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "రీవాకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. పిస్తోలు ముట్టుకోవద్దని చెప్పు."

ఆర్డిత్ అతని ముఖం చూసి ఇంకేమీ అడగకుండా ఫోన్ తీసింది. కలవలేదు. మళ్లీ చేసింది. "పోటీకి వెళ్తే ఫోన్ ట్రక్కులో పడేస్తుందని నీకు తెలీదూ? అసలక్కడ సిగ్నలెక్కడ ఏడిసింది? ఏమైందో చెప్పు ముందు."

చెప్పాడు. ఆమె కుర్చీలో కూలబడింది.

"చివర్లో నువ్వెప్పుడూ విప్పి చూస్తావుగా. భూతద్దం పెట్టుకుని, తపస్సు చేస్తున్నట్టు..."

"ఈసారి చూడలేదు."

"ఎందుకని?"

"రీవా ఎదురుగా నిలబడి ఉంది ఆర్డిత్! అద్దం కంటికి ఆనించినా నాకు కనబడదని దానికి తెలిసిపోతుందని... నా కళ్లు పోతున్నాయి. చూపు నడిమధ్యలో ఏమీ కనబడదు. డాక్టరు చెప్పి ఏడాది కావస్తోంది."

"తెలుసు" అంది ఆర్డిత్. "డాక్టరు రాసిన కాగితం డ్రిల్లు ఉంచే సొరుగులో పెట్టావు. నవంబర్‌లోనే చూశాను."

"చూసి నోరు మూసుకున్నావా?"

"నువ్వే చెబుతావేమోనని చూశాను! అడిగితే చెప్పే మనిషివా నువ్వు? పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావు!" ఆమె ఏడుస్తూనే తాళంచెవులు అందుకుంది. "లే. నేను నడుపుతాను."

ఆర్డిత్‌కి హైవే అంటే చచ్చేంత భయం. చర్చికీ, సరుకుల దుకాణానికీ తప్ప ట్రక్కు తీసి ఎరగదు. ఇసుక కొండల మధ్య నలభై మైళ్లు ఆమె స్టీరింగుని రెండు చేతులా కరుచుకుని నడిపింది. అడ్డగాలికి ట్రక్కు ఊగిపోతోంది. ముందు గడ్డిమోపుల ట్రాక్టరొకటి పెళ్లినడక నడుస్తోంది.

"దాటెయ్యి" అన్నాడు లోవెల్.

"ఎదురుగా ఏమైనా వస్తోందా?"

"నన్నడుగుతావేంటి? నాకు కనబడితేగా!"

ఆమె కళ్లనీళ్లతోనే ఒక్క క్షణం నవ్వి, "దేవుడా" అంటూ దాటేసింది. లోవెల్ స్ప్రింగుని గుప్పిట్లో బిగించుకుని కూర్చున్నాడు. నిన్నంతా రీవా ఆఫీసులోనే ఉంది. అందులో తూటాలు నింపడం ఇవాళే మొదలు. ఆ పోటీలో మెట్లెక్కి దూకాలి, మోకాళ్లమీద వంగాలి, పరుగెత్తాలి. ఎక్కడో ఒకచోట చెయ్యి జారకపోతుందా? తన కూతుర్ని తన చేతులతోనే చంపుకుంటున్నానా అన్న మాట అతని మనసులో తిరుగుతూనే ఉంది. ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తు రాలేదు.

ఒకప్పుడు కంకర తవ్విన పాత గుంటలో పోటీలు. కార్లు బారులు తీరి ఉన్నాయి. చర్చి ఆడవాళ్లు ఒక టెంటు కింద చిల్లీ అనే మాంసం కూర, దాల్చినచెక్క రోల్సు అమ్ముతున్నారు. ట్రక్కు పూర్తిగా ఆగకముందే లోవెల్ దిగి నడిచాడు, తడబడ్డాడు, పరుగెత్తాడు. ఆరు బరులు, అరవైమంది మనుషులు, అందరి తలలమీదా టోపీలే. ఎవరివైపు చూస్తే వాళ్ల ముఖం మాయమైపోతోంది. ఈ గుంపులో తన బిడ్డ ఎక్కడుంది?

మూడో బరి దగ్గర అధికారి గొంతు వినిపించింది. "తూటాలు నింపి సిద్ధం కండి!"

తర్వాత ఒక చప్పుడు. తూటాల అర పిస్తోల్లోకి దూర్చి కింద అరచేత్తో రెండుసార్లు తట్టిన చప్పుడు. అందరూ ఒక్కసారే తడతారు. రీవాకి పన్నెండేళ్లప్పటి నుంచీ అతను ఎంత చెప్పినా ఆమె ఆ రెండో దెబ్బ మానలేదు.

పేరు పెట్టి పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలిస్తే తిరుగుతుంది. నాన్న గొంతు విని తిరగని కూతురుండదు. ఆమెతోపాటు పిస్తోలూ జనం వైపు తిరుగుతుంది. లోవెల్ ఆ పేరుని పళ్ల మధ్య నలిపేసి, ఆ బరిలో ఎవరు అరిచినా అందరూ ఆగాల్సిన ఒకే ఒక్క మాటని గుండెలు పగిలేలా అరిచాడు.

"స్టాప్!"

అంతా స్తంభించిపోయింది. రీవా తిరగలేదు. ఆ గొంతెవరిదో తెలిసినా పిస్తోలుని ఎదురుగా ఉన్న మట్టికొండ వైపే ఉంచింది. అధికారి చెప్పినట్టు మెల్లగా ఖాళీ చేసింది, చూపించింది, ఒరలో పెట్టింది. అప్పుడు తిరిగింది.

"ఏంటి నాన్నా ఇది? అమ్మ బాగానే ఉందా?"

లోవెల్ గుప్పిట విప్పాడు. "ఇది నీ పిస్తోల్లో ఉండాల్సింది. నేను వెయ్యలేదు." జనమంతా వింటున్నారని అతనికి తెలుసు. గొంతు తగ్గించలేదు. "నాకు కళ్లు కనబడటం లేదమ్మా. దాచాను. చివర్లో విప్పి చూడాల్సింది చూడలేదు."

తూటాలు తేకూడదని రాసున్న బల్ల దగ్గరికి అధికారి వాళ్లని పంపించాడు. "వంతు చివర్లో ఇస్తాలే రీవా" అన్నాడు అటు చూడకుండానే. ఆమె పిస్తోలు విప్పి, అడ్డుబిళ్లని వేలితో కదిపి చూసింది. అది వదులుగా గలగలలాడింది. ఆమె ముఖం పాలిపోయింది.

"తిట్టు" అన్నాడు లోవెల్. "నువ్వు తిట్టకపోతే నేను బతకలేను."

"ఏమని తిట్టను? ఎవరి చేతిలోంచి వచ్చిన తుపాకీ అయినా విప్పి చూడకుండా తూటా పెట్టకూడదని నేర్పింది నువ్వేగా. నేను చూడలేదు నాన్నా." ఆమె ఏడుస్తోంది. "నీ ఎదురుగా చూస్తే నొచ్చుకుంటావని చూడలేదు. ఇంటికెళ్లాక, కర్ట్ మాట నమ్మినట్టవుతుందని చూడలేదు. నీకు సరిగ్గా కనబడటం లేదని నాకెప్పుడో అనుమానం. పని లేక నువ్వు దిగులుగా కూర్చుంటున్నావని అమ్మ చెబితే, నీకు పని ఉండాలని తెచ్చాను దాన్ని."

వెనక నిలబడ్డ ఆర్డిత్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురూ మూడు మూలల నుంచి ఒకే మనిషి పరువు కాపాడుతూ వచ్చారు. దానికి వెలగా ఒక ప్రాణం పోయేది.

"ఉండు, నేను వేస్తాను" అంది రీవా.

"కాదు. నేను వేస్తాను. నువ్వు చూడు."

ఆమె చెప్తుంటే అతని వేళ్లు ఆ స్ప్రింగుని తన చోటికి చేర్చాయి. వేళ్లు ఏమీ మరిచిపోలేదు. బిగించి ఆమెకి ఇచ్చాడు. రీవా అలవాటుగా ఒరవైపు చెయ్యి పోనిచ్చి, ఆగింది. పిస్తోలుని మళ్లీ బల్లమీద పెట్టి, అతని ఎదురుగానే, ఏ తొందరా లేకుండా ఒక్కో భాగం విప్పింది. బిళ్లని నొక్కింది, వదిలింది. చెవి దగ్గర ఊపింది. వెలుతురుకి ఎత్తి చూసింది. లోవెల్ కదలకుండా నిలబడ్డాడు. నొచ్చుకుంటాడేమోనని ఆమె ఒకసారి అతని ముఖంలోకి చూసింది. చెంపలమీద నీళ్లు కారుతున్నా అతను తుడుచుకోలేదు.

"ఉంది నాన్నా. గట్టిగా ఉంది."

"ఇంకోసారి చూడు తల్లీ" అన్నాడు లోవెల్.

ఆమె మళ్లీ మొదటినుంచి విప్పడం మొదలుపెట్టింది.