సిరిల్ షెడ్డులో ఎర్రదీపం

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో, రెండో ప్రపంచయుద్ధం నాటి పాత విమానాల మైదానం చివర ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడితే ఆ వైపు కుక్కని తిప్పడానికి కూడా ఎవరూ వెళ్ళరు. సిరిల్ అనే ఆయన విడిభాగాలు తెప్పించుకుని, అందులో సొంతంగా కారు కట్టుకునేవాడు. చివరికి ఆ కారు పొగకే ప్రాణం పోగొట్టుకున్నాడు. పొగకి మనిషి పోవడం వింతేం కాదు. మర్నాడు చూస్తే ఇంజిన్ తిరిగి తిరిగి పెట్రోలు ట్యాంకు ఖాళీ... తాళం మాత్రం ఆఫ్‌లో ఉంది!

మరి చచ్చిపోయాక తాళం తిప్పిందెవరు? పబ్బులో రెండో గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఎవరో ఒకరు ఈ మాట ఎత్తక మానరు.

సిరిల్ భార్య మేవిస్ దెయ్యాలని నమ్మే మనిషి కాదు. "కావాలనే తలుపులు మూసుకుని ప్రాణం తీసుకున్నాడు. మా పరువు పోకూడదని, ప్రమాదమనిపించేలా పెర్సీ తాళం తిప్పి ఉంటాడు" అనేది. మొగుడి సమాధి మీద ఒక్క పువ్వు పెట్టి ఎరగదు. శవాన్ని మొదట చూసిన స్నేహితుడు పెర్సీ "నేను ముట్టుకోలేదు మొర్రో" అంటూనే ఉన్నాడు, వినేవాళ్ళే లేరు.

తెల్లారితే పాతసామాన్లవాడు వచ్చి కారు పట్టుకుపోతాడు. అందుకే ఆ చలికాలం సాయంత్రం కూతురు ఐరిస్, పెర్సీని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. నాన్న కట్టిన బండి చప్పుడు ఒక్కసారి వినాలని ఆమె కోరిక. నిజంగానే మమ్మల్ని వద్దనుకుని పోయాడా అన్న ముల్లు ఆమె గుండెలోనూ ఉంది.

"తలుపులు బార్లా తెరిచే ఉంచు, పెర్సీ అంకుల్."

"మూసే ధైర్యం నాకెక్కడిది తల్లీ! మీ నాన్నంటే, చప్పుడు అవుతోందని పక్క పొలంవాళ్ళు తిట్టిపోస్తుంటే మూసుకునేవాడు."

వైర్ల పని ఐరిస్‌కి తండ్రి నేర్పిందే. కొత్త బ్యాటరీ పెట్టింది, పెట్రోలు పోసింది. ఇంజిన్ తిరుగుతోంది గానీ నిప్పురవ్వ పుట్టడం లేదు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె దగ్గర ఎర్త్ వైరుకి తుప్పు పట్టి ఉంటే గీకి బిగించింది. మళ్ళీ తాళం తిప్పింది.

దగ్గింది... ఉక్కిరిబిక్కిరైంది... ఒక్కసారిగా గర్జించింది!

రేకులన్నీ గడగడలాడాయి. ఐరిస్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. పొగ ఎక్కువవుతోందని తాళం ఆఫ్ చేసింది.

ఇంజిన్ ఆగలేదు.

తాళం బయటికి లాగేసింది. అయినా ఆగలేదు!

"సిరిల్..." పెర్సీ గోడకి అతుక్కుపోయి గొణుగుతున్నాడు. "నేనేం చేశానయ్యా... వదిలెయ్..."

ఐరిస్ స్టీరింగ్ మీదికి వంగింది. అప్పుడే కనిపించింది... స్టీరింగ్ వెనక, బ్యాటరీ గుర్తున్న చిన్న ఎర్రదీపం. తాళం తీసేసినా మినుకుమినుకుమంటోంది.

దెయ్యం అక్కడుంది. తిరిగే ఇంజిన్ పుట్టించే కరెంటు, ఆ దీపం వైరులోంచి వెనక్కి వచ్చి కంప్యూటర్‌ని నడిపిస్తోంది. ఇక తాళంతో పనేముంది? సొంతంగా బండి కట్టేవాళ్ళు తరచూ చేసే పొరపాటే అది.

"అంకుల్, నాన్న ఎలా పడి ఉన్నాడు?"

"సీట్లోంచి జారి... తల పెడల్స్ దగ్గర..."

గేరు వేసి క్లచ్ వదిలేస్తే చచ్చినట్టు ఆగుతుంది. అది సిరిల్‌కి తెలీదా? కానీ సొంత బండి కట్టేవాడి మొండితనం అలాంటిది. తప్పు కళ్ళముందు ఉన్నప్పుడే పట్టుకోవాలి, ఇంజిన్ ఆగిపోతే ఎక్కడని వెతుకుతాడు?

ఐరిస్ కూడా అలాగే పడుకుని, తల పెడల్స్ దగ్గర పెట్టి, ఆ దీపం వైరు కోసం పైకి తడిమింది. చేతికి చల్లగా ఏదో తగిలింది. టార్చి వేసింది.

నాన్న వైరు కత్తెర. వైర్ల గుబురులో వేలాడుతోంది. సరిగ్గా ఆ దీపం వైరునే కరిచి పట్టుకుని ఉంది... పైతొడుగు తెగింది, లోపలి రాగి తెగలేదు. ఇంకొక్క నొక్కు నొక్కే సత్తువ నాన్న వేళ్ళకి మిగల్లేదు.

ఐరిస్ ఆ పిడుల మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

ఎర్రదీపం ఆరింది. ఇంజిన్ ఆగింది.

పెర్సీ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఐరిస్ నేలమీదే కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా... పొద్దున్నే పువ్వులు కొను. నాన్న మనల్ని వదిలిపోలేదు. తాళం తనే తిప్పాడు, ఇంజిన్ ఆపబోతూ పోయాడమ్మా."