కానగంత పులుసు, నల్ల మట్టి కప్పులు

చేపలమ్మే బొడ్డమ్మ లోపలికొచ్చి కూర్చోలేదు. కాశీబుగ్గలో డిటెక్టివ్ భారతి ఆఫీసు గుమ్మంలోనే ఖాళీ గంప దించి, "నా సేప కుళ్లిపోనాదంట. కుళ్లలేదని నువ్వు రుజువు సెయ్యాల. లేకపోతే ఇంక నా గంప ఎవుడూ ముట్టడు" అంది.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై భారతికి అసిస్టెంటుగా చేరిన కూర్మారావు, ఏడ్చుకుంటూ వచ్చే క్లయింట్లను చాలామందినే చూశాడు. ఈవిడ ఏడవలేదు సరికదా, నిలదీస్తోంది. ఆయనకు తెగ నచ్చేసింది.

జరిగింది ఇదీ. డొంకూరు దగ్గర రిసార్టు పెట్టిన రాజేంద్ర, శనివారం సాయంత్రం మసక దీపాల వెలుగులో జీడిపప్పు వ్యాపారులకు విందు ఇచ్చాడు. ఒక్కో చేప వంటకానికి ఒక్కో వైను. వంట బొడ్డమ్మది. వైన్లు ఎంచి పోసింది విశాఖ నుంచి వచ్చిన వైను నిపుణుడు హేమంత్. వేపుడు దాకా అందరూ లొట్టలేశారు. కానగంతల పులుసు తిని వైను గుక్క వేయగానే, ఇనుము కంపు, నీచు కంపు అంటూ ఉమ్మేశారు. ఎవరో తీసిన ఆ వీడియో తెల్లారేసరికి పలాస అంతా పాకింది.

రిసార్టులో భారతి ముగ్గురిని ప్రశ్నించింది. రాజేంద్ర వైను ముట్టడు, కొబ్బరినీళ్లు తాగుతూ పులుసంతా తిన్నాడు. ఆయనకు ఏ తేడా తెలియలేదు కానీ అంతమంది అన్నారని నమ్మాడు. ఆ రోజు వంటగది పెత్తనం బొడ్డమ్మకు వదులుకోవాల్సి వచ్చిన రిసార్టు వంటవాడు దిలీప్ ముభావంగా రెండే సంగతులు చెప్పాడు. పులుసు దగ్గర పోసిన వైను చల్లగా లేదని అతిథులు గొణిగారట. పులుసుకు ముందు గాజు గ్లాసులు తీయించి నల్ల మట్టి కప్పులు పెట్టించింది హేమంత్ అట. ఆ హేమంత్ మాత్రం, పులుసుకు తాను పోసింది ఐసులో పెట్టిన తెల్ల వైనేనని, తప్పంతా చేపదేనని అన్నాడు.

కూర్మారావు దిలీప్‌నే అనుమానించాడు. భారతి బొడ్డమ్మను ఒక్కటే అడిగింది. "అత్తా, విందుకి ముందు ఆ వైన్లు నువ్వు రుచి చూసినావా?"

"సూసినాను. పులుసుకి ఎర్రది పెట్టినాడు. పులుసు మీద తాగితే మేకు నాకినట్టుందన్నాను. రాజేంద్రబాబు నా మాట ఇని తెల్లది పెట్టమన్నాడు."

సోమవారం మధ్యాహ్నం భారతి అందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టింది. విందులో వాడిన నల్ల కప్పు ఒకటి, కొత్తది ఒకటి తెప్పించి రెండింట్లో వేడినీళ్లు పోయించింది. కాసేపయ్యాక ఆ నీళ్లను గాజు గ్లాసుల్లోకి వంచింది. కొత్త కప్పు నీళ్లు తేటగా ఉన్నాయి. వాడిన కప్పు నీళ్లు గులాబీ రంగు తిరిగాయి.

"మట్టి కప్పు పీల్చుకున్నది తెల్ల వైనైతే ఇలా రంగు దిగదు. నల్ల కప్పులో, మసక వెలుగులో ఎర్రది పోస్తే, జన్మలో వైను తాగని వాళ్లకేం తెలుస్తుంది? అది చల్లగా లేదన్నది మాత్రం తెలిసింది. తెల్లదైతే ఐసులో పెట్టి పోస్తారు, ఎర్రదాన్ని అలా పెట్టరు. ఎర్ర వైనులో ఇనుముంటే, కానగంత లాంటి నూనె ఎక్కువుండే చేప తగలగానే నీచు కంపు కొడుతుంది. అందుకే వైను ముట్టని రాజేంద్ర గారికి పులుసు బాగుంది. కప్పులు మార్పించింది మీరే, పోసింది మీరే, హేమంత్ గారూ."

హేమంత్ మొహం కందగడ్డ అయింది. "గంప మోసే ఆవిడ నా వైన్ల లిస్టు దిద్దడమా?" అని నోరు జారాడు.

కూర్మారావుకు దిలీప్ వైపు చూడడానికి సిగ్గేసింది. హేమంత్ చివరికి లేచి, బొడ్డమ్మ దగ్గరకొచ్చి, సారీ అని గొణిగాడు.

"నా సెవిలో సెప్తే ఏటి లాభం? నన్ను బజార్న పెట్టినావు, బజార్లోనే సెప్పు."

ఆ మర్నాడు ఉదయం కాశీబుగ్గ చేపల బజారులో ఆమె గంప పక్కనే హేమంత్ నిలబడ్డాడు. వీడియో తీయడానికి ఫోను కూర్మారావే పట్టుకున్నాడు. చేప మంచిదేనని, మోసం తనదేనని హేమంత్ చెప్పి వెళ్లబోతుంటే, బొడ్డమ్మ ఒక కానగంత మొప్ప ఎత్తి అతని మొహం ముందు పెట్టింది.

"ఎలగుందో నీ నోటితోనే సెప్పు."

"ఎర్రగా ఉంది. తాజా చేప" అన్నాడు హేమంత్.

చేపలు కొనడానికొచ్చి అప్పటిదాకా దూరంగా నిలబడిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గంప చుట్టూ కూర్చున్నారు.