భవానిని ఎవరూ అడగలేదు

మల్లేశ్వరరావు ముక్కును పరదేశి పగలగొడుతున్న సమయానికి గంగాభవాని జింకల పార్కు లోపల కంచె పట్టుకుని నిలబడి, ఒక ఆడ దుప్పిని రెప్ప వేయకుండా చూస్తోంది.

అది 1987 జూన్. భవాని మధ్యప్రదేశ్‌లోని రాయపూర్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. మగ దుప్పులు జత కోసం ఎలా పోట్లాడుకుంటాయి, ఆడవి వాటిలో దేన్ని దగ్గరికి రానిస్తాయి అన్నది ఆమె ప్రాజెక్టు. ఆ సాయంత్రం రెండు పెద్ద మగవి కొమ్ములు పెనవేసుకుని దుమ్ము రేపాయి. గెలిచింది రొప్పుతూ ఆడదాని వైపు వచ్చింది. ఆడది దాన్ని ఒకసారి చూసి, పక్కకు తిరిగి మందలోకి వెళ్ళిపోయింది. వెంటపడితే ఇంకా దూరం పోయింది.

భవానికి నవ్వొచ్చింది. అప్పుడే గేటు దగ్గర కేకలు వినిపించాయి.

పరదేశిది వాళ్ళ రైల్వే కాలనీయే. వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం నుంచి వచ్చినవే. అతని పేరు వినగానే హిందీవాళ్ళు, "ఏ దేశం భయ్యా మీది?" అని నవ్వుతారు. మల్లేశ్వరరావు ఒక కాంట్రాక్టరు కొడుకు. భవానిని స్కూటరు మీద దింపుతానని వచ్చాడు. నేను నడిపించి తీసుకెళ్తానని పరదేశి వచ్చాడు. మాటా మాటా పెరిగింది.

భవాని బయటికి వచ్చేసరికి మల్లేశ్వరరావు జేబురుమాలుతో ముక్కు అదుముకుని స్కూటరు తోసుకుంటూ పోతున్నాడు. చొక్కా చిరిగిన పరదేశి గర్వంగా నిలబడ్డాడు.

"ఇంక వాడు నీ జోలికి రాడు," అన్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది. భవాని ఇంకేమీ అనకుండా ఒంటరిగా నడిచి వెళ్ళిపోయింది.

కానీ వార్త ఆమె కంటే ముందే ఇంటికి చేరింది. పార్కు ఆఫీసరు, ఈ తమాషాలు మాకొద్దు, మళ్ళీ రావద్దని కబురు పెట్టాడు. తండ్రి జోగయ్య, వేరే రాష్ట్రంలో బతుకుతున్నాం, పేరు పోతే ఎక్కడికి పోతామని అరిచి చదువు ఆపేశాడు. మర్నాడు పరదేశి తల్లి శాంతమ్మ అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. ఎలాగూ మావాడు పిల్ల కోసం చెయ్యి చేసుకున్నాడు, కాలనీ అంతా అదే అనుకుంటోంది, ముహూర్తం పెట్టుకుందాం అంది. భవాని తల్లి సుభద్ర, భర్త ముఖం చూసింది. జోగయ్య సరేనన్నట్టు తల ఊపాడు.

భవాని చెప్పులు వేసుకుని నేరుగా వర్క్‌షాపు గేటుకు వెళ్ళింది. షిఫ్టు దిగి వస్తున్న పరదేశిని నలుగురిలోనే ఆపింది.

"నీ మూలంగా నా చదువు పోయింది. ఇప్పుడు మీ అమ్మ పళ్ళు తెచ్చింది. నేనేమన్నా టోర్నమెంటు కప్పునా?"

"నువ్వంటే నాకిష్టం భవానీ. అందుకే..."

"ఆ మాట నాకు చెప్పావా? మల్లేశు ముక్కుకి చెప్పావు."

పరదేశికీ కోపం వచ్చింది. "వాడు చెయ్యి పట్టుకుని స్కూటరెక్కిస్తానన్నాడు. వింటూ ఊరుకోమంటావేటి?"

"పట్టుకుంటే విదిలించుకోడానికి నాకు చెయ్యి లేదా? దుప్పులు కూడా నీకంటే నయం. గెలిచినా, ఆడది వద్దంటే కాసేపటికి ఊరుకుంటాయి."

ఆమె వెళ్ళిపోయాక కూడా పరదేశి అక్కడే నిలబడ్డాడు. అతనికి ముందు సిగ్గేసింది, తరవాత భయమేసింది. తన దెబ్బ తగిలింది మల్లేశుకి కాదని అప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం అతను మల్లేశ్వరరావు ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న అతన్ని వరండాలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. పరదేశి చేతులు కట్టుకుని విని, క్షమించమని అడిగాడు. చివరికి ముక్కు మీద ప్లాస్టరుతో మల్లేశ్వరరావే బయటికొచ్చి, తప్పు తనలోనూ ఉందని ఒప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి పార్కు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయికి ఈ ఝగడాతో సంబంధం లేదని చెప్పి, ఇక గేటు ఛాయలకు రామని మాటిచ్చారు.

తరవాత పరదేశి జోగయ్య ముందు నిలబడ్డాడు.

"మావయ్యా, భవాని మాలో ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. మా అమ్మ తెచ్చిన సంబంధం వెనక్కి తీసుకుంటున్నాను. చదువు మాత్రం మాన్పించొద్దు."

"ఊరంతా రచ్చ చేసి, ఇప్పుడు పిల్ల వద్దంటావేట్రా?" జోగయ్య కుర్చీలోంచి లేచాడు.

"వద్దనలేదు. కొట్టి గెలుచుకున్నట్టు వద్దు."

తలుపు వెనక భవానికి ఒళ్ళు మండిపోయింది. ముందు మల్లేశుకి చెప్పాడు, ఇప్పుడు నాన్నకి చెబుతున్నాడు, నన్ను మాత్రం అడగడు అనుకుంది. అయినా ఆఫీసరూ నాన్నా ఒప్పుకోవడంతో ఆ వారమే ఆమె మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళగలిగింది.

వానాకాలం ముదిరింది. పరదేశి మాట మీద నిలబడి ఆ దారికే రాలేదు. ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు. మొదట్లో భవానికి హాయిగా ఉంది. తరవాత చిరాకేసింది. ఒకరోజు వానలో తడుస్తూ మళ్ళీ వర్క్‌షాపు గేటుకు వెళ్ళింది.

"ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా మాట్లాడవేం?"

"నువ్వు రమ్మనలేదు కదా."

"అది కూడా నేనే చెయ్యాలా?"

పరదేశి తడిసిన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడ్డానికి కొంచెం సమయం పట్టింది. "నువ్వంటే ఇష్టం. నీకు ఇష్టం లేదంటే ఇక్కడితో బస్, అయిపోయింది. ఎవరితోనూ దెబ్బలాడను, నీ మీద అలగను."

భవాని తడిసిన కొంగు పిండుకుంది. "నాన్నతో నేను మాట్లాడతాను," అంది. "నువ్వు మధ్యలోకి రాకు."

ఆ రాత్రి అన్నం దగ్గర, పరదేశిని చేసుకుంటానని చెప్పింది. జోగయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

"మల్లేశుని కొట్టాడనేటి?"

"కాదు నాన్నా. వాళ్ళ వరండాలో నిలబడి మాఫీ అడిగాడని."

జోగయ్య కూతుర్ని కొత్తగా చూసినట్టు చూశాడు. సుభద్ర వైపు తిరిగి, రేపు శాంతమ్మని రమ్మని కబురు పెట్టమన్నాడు.

"రేపు కాదు," అంది భవాని మజ్జిగ పోసుకుంటూ. "నా పరీక్షలయ్యాక."