పై వాటా ఇంటావిడ

"ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికారటగా... ఇవి కూడా ఉతికిపెట్టండి!"

పై వాటాలో అద్దెకుంటున్న లెక్కల టీచరు హాలు మధ్యలో బకెట్టు దించింది. దించడం కాదు, కుదేసింది! తడిసి ముద్దయిన దుప్పటి ఒకటి అంచు మీదుగా జారి, అప్పుడే తుడిచిన నేల మీద పడింది. వాసన గుప్పుమంది. సోఫాలో కూర్చున్న పెద్దాడపడుచు ముక్కు మూసుకుని కాళ్ళు పైకి ముడుచుకుంది. ఇంటాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటావిడ దుప్పట్లమ్మ చేతిలో తుడిచే గుడ్డతో లేచి నిలబడింది. వీధిలో అందరూ ఆవిణ్ణి పిలిచే పేరే అది. ఎవరు పిలిచినా నవ్వుతూ పలికేది. కానీ తన ఇంట్లో, తన నట్టింట్లో, తనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నదైన మనిషి ఆ పనిని అలా మొహాన కొడితే... ఎవరికైనా ఎలా ఉంటుంది చెప్పండి!

"ఏమిటమ్మా ఇది? మర్యాదగా ఉందా?" అంది.

"మర్యాదా! మూడు రోజుల్నుంచి మా కుళాయిలో చుక్క నీరు లేదండీ. మొదటి రోజు మోటారు చెడిందన్నారు. రెండో రోజు ట్యాంకు కడుగుతున్నామన్నారు. నిన్న అడిగితే మీ వారు వాచీ చూసుకుని డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయారు. మా అమ్మ మంచం దిగలేదని మీకు తెలుసు. ఆ దుప్పట్లు నేనేం చెయ్యను? నాకి శుభ్రం చెయ్యనా?"

మూడు రోజులుగా దుప్పట్లమ్మ ఇంట్లో లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళ్ళి, ఆ పొద్దున్నే వచ్చింది. వస్తూనే వంటింట్లో కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. నీళ్ళు ధారగా వచ్చాయి. మోటారు చెడితే కింద మాత్రం ఎలా వస్తాయి?

"ఏమండీ! మోటారు ఎప్పుడు చెడింది?" అని భర్త వైపు తిరిగింది.

పేపరు కదల్లేదు. పెద్దాడపడుచే అందుకుంది.

"అద్దెకున్న మనిషి వచ్చి నట్టింట్లో అశుద్ధం పోస్తుంటే, దాన్ని మెడపట్టి గెంటకుండా మొగుణ్ణి నిలదీస్తావేమే మరదలా! బాగుంది సంబడం!"

టీచరు వెనుదిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పై వాటాలోని ఆ రెండు గదులూ దుప్పట్లమ్మ ప్రాణం! రిటైరైన రోజున ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన సొమ్ము మొత్తం, ఒక్క రూపాయి మిగుల్చుకోకుండా, వాటిని కట్టించడానికే పోసింది. ఆవిడ పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఎవరూ లేరు... పుచ్చుకున్నవాళ్ళే అందరూ! అందుకే ఇంటివాళ్ళుగా ఎలా ఉండాలో ఎవరూ నేర్పలేదు. టీచరు కాగితం తెచ్చి, ఒక్కో షరతూ చదివి వినిపించి, పదకొండు నెలలకు సంతకం పెట్టమంటే, ఏదో పరీక్ష రాస్తున్నట్టు చెమటలు పట్టాయి. తర్వాత టీచరు గోడకు మూడు మేకులు కొడితే, ఆ మూడూ తన ఒంట్లోకే దిగినట్టు విలవిల్లాడింది. వంటగది గోడ చెమ్మెక్కుతోందనీ, స్నానాల గది తలుపు పడటం లేదనీ టీచరు కాగితం మీద రాసి ఇస్తే, ఆవిడ మనసు మరీ కష్టపడింది. పక్కన ఉన్న మనిషికి నోటితో చెప్పకూడదా? ఆఫీసుకు అర్జీ పెట్టినట్టు ఈ రాతలేమిటి! ఆ మరమ్మతులు తను చేయించాల్సినవేనని షరతుల్లో ఉన్న సంగతి, సంతకం పెట్టిన చేతికే గుర్తులేకపోయింది.

అలా రెండు నెలలు ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకుంటూ గడిపారు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ గోడ వైపు చూసేవారు.

ఇంతలో పెద్దాడపడుచు దిగబడింది. ఆవిడ కొడుకు కొరియర్ ఆఫీసు పెడతాడట. దానికి మేనమామ ఇంటి పై వాటా అయితే భేషుగ్గా ఉంటుందట! "సొంత మేనల్లుడికి లేని గది దారిన పోయేదానికి ఎందుకురా తమ్ముడూ?" అని రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది. "పదకొండు నెలలకు మాట ఇచ్చాను వదినా" అని దుప్పట్లమ్మ నసిగేది. "ఇది ఇచ్చిందట మాట! ఇల్లు నా తమ్ముడిది, మాట నీదా?" అని ఆడపడుచు కస్సుమనేది.

టీచరు వెళ్ళగానే దుప్పట్లమ్మ గబగబా మెట్లెక్కింది. మలుపు దగ్గర గొట్టం మీద పై వాటాకు వెళ్ళే వాల్వు ఉంది. దాని పిడి లేదు! పిడి ఉండాల్సిన చోట ఇనప తీగ బిగించి ఉంది... మూడు చుట్లు, మూడూ ఒకదాని పక్కన ఒకటి సమానంగా, కొస లోపలికి మడిచి. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా ట్రిప్పు షీట్ల కట్టలు కట్టీ కట్టీ అలవాటైన చెయ్యి అది. ముప్ఫై ఏళ్ళుగా తనకు తెలిసిన చెయ్యి! 

కిందకు వచ్చి భర్త ముందు నిలబడింది. "ఎందుకు చేశారండీ?"

"నువ్వేగా చెయ్యమన్నావు!"

"నేనా?"

"పోయిన వారం అన్నం తింటూ ఏమన్నావు? రెండు రోజులు నీళ్ళు రాకపోతే అప్పుడు తెలుస్తుంది ఆవిడకు ఇల్లంటే ఏమిటో అన్నావా లేదా? అక్క కూడా వింది."

"విన్నాను, చక్కగా విన్నాను" అంది పెద్దాడపడుచు.

అన్నది! నిజంగానే అన్నది. మేకుల కోపంలో ముద్ద నములుతూ అనేసింది... నోట్లోంచి వచ్చిన ఆ మాటను వీళ్ళిద్దరూ ఏరి దాచుకున్నారా! ఆవిడ లేని మూడు రోజులు చూసుకుని, ఆవిడ మాటతోనే ఆవిడ పరువు తీశారా! ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఎవరి మీద ఏడవాలి? ఇరవై రెండేళ్ళు ఆ వాసన మధ్య బతికిన మనిషి... మంచానపడ్డ వాళ్ళకు నీళ్ళు లేకపోవడమంటే ఏమిటో ఈ ఇంట్లో తనకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? తెలిసి తెలిసి ఆ మాట ఎలా అనగలిగింది!

కటింగ్ ప్లయరు తీసుకుని వెళ్ళి తీగ తెంపింది. పిడి ఎక్కడని ఎవరినీ అడగలేదు. ప్లయరుతోనే వాల్వు తిప్పింది. తర్వాత హాల్లోకి వచ్చి బకెట్టు ఎత్తింది.

"ముట్టుకోకు! దాని గుడ్డలు నువ్వు ఉతుకుతావా? వీధిలో తల ఎత్తుకోవద్దా మేము?" భర్త మొదటిసారి పేపరు పక్కన పడేశాడు.

"మీ తల గురించి తర్వాత ఆలోచిద్దాం లెండి."

పెరట్లో చతికిలబడి కూర్చుని ఉతికింది. ముందు చన్నీళ్ళు. వేడినీళ్ళు పోస్తే మరక గుడ్డలోనే ఉండిపోతుందని ఆసుపత్రిలో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ తనే నేర్పేది. మూడుసార్లు జాడించి, సోడాలో నానబెట్టి, బండకేసి రుద్ది ఎండలో ఆరేసింది. ఉతికినంతసేపూ గుమ్మంలోంచి పెద్దాడపడుచు తిడుతూనే ఉంది... బుద్ధి పోనిచ్చుకోలేదుట, పాకీపని రక్తంలోనే ఉందిట! దుప్పట్లమ్మ కళ్ళలోంచి కారే నీళ్ళను మోచేత్తో తుడుచుకుంటూ దుప్పట్లు పిండింది.

మధ్యాహ్నం మడతలు పెట్టి పైకి తీసుకెళ్ళింది. టీచరు తలుపు సగమే తెరిచింది.

"అక్కడ పెట్టి వెళ్ళండి."

"అమ్మగారికి పక్క మార్చాలి కదా. ఒక్కరి వల్ల కాదు."

టీచరు పక్కకు తొలగింది. పెద్దామె వాడిపోయిన మొహంతో పైకప్పుకేసి చూస్తోంది. దుప్పట్లమ్మ ఆమె భుజం కిందా, నడుం కిందా చేతులు పోనిచ్చి తన వైపు తిప్పుకుంది. టీచరు పాత దుప్పటి లాగి ఉతికిన దుప్పటి పరిచింది. ఇటు నుంచి అటు తిప్పారు. ఒక్క ముడత లేకుండా లాగి కట్టారు.  పెద్దామె వీపు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ చూసి దుప్పట్లమ్మ కళ్ళు మూసుకుంది. మూడు రోజుల తడిపక్క!

"తల్లీ... నన్ను క్షమించు. ఇక ఇలా జరగదు. గోడా, తలుపూ రేపే బాగుచేయిస్తాను. నువ్వు ఎక్కడికీ వెళ్ళకు..."

"ఇల్లు చూసుకున్నానండీ. శుక్రవారం ఖాళీ చేస్తున్నాను."

"నేను చెయ్యలేదమ్మా! నేను ఊళ్ళోనే లేను!"

"తెలుసు. మీరు వచ్చిన గంటకే నీళ్ళు వచ్చాయి." టీచరు గొంతులో ఇప్పుడు కోపం కూడా లేదు. అదే ఎక్కువ కోసింది. "మీరు మళ్ళీ ఊరెళ్ళరా? వెళ్తారుగా. అప్పుడు మా అమ్మను ఎవరిని నమ్మి ఇక్కడ ఉంచమంటారు?"

దుప్పట్లమ్మ పాత దుప్పటి తీసి చంకలో పెట్టుకుని కిందికి దిగింది.

శుక్రవారం టీచరు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి దింపించుకుని, మేకులు పీకిన చోట సున్నం కూడా పూసి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా దుప్పట్లమ్మ గేటు దగ్గరే నిలబడింది. టీచరు ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

గంట తిరక్కుండానే మేనల్లుడు కొలత టేపుతో దిగాడు. ఉత్సాహంగా మెట్లెక్కి తలుపు తోసి, ఆగిపోయాడు. గదిలో దుప్పట్లమ్మ పరుపు పరిచి ఉంది. పక్కన ట్రంకు పెట్టె, స్టవ్వు, రెండు గిన్నెలు.

"ఇదేంటి అత్తయ్యా! కౌంటరు ఇక్కడే వేద్దామనుకున్నానే!"

"నా మీద వేస్తావా నాయనా? వేసుకో, పడుకునే ఉంటాను!"

కింద పెద్ద రభసే జరిగింది. పెద్దాడపడుచు గుండెలు బాదుకుంది, తమ్ముణ్ణి ఆడంగి వెధవంది, ఈ గడప తొక్కితే ఒట్టంది, బ్యాగు సర్దుకుని కొడుకుతో సహా వెళ్ళింది. ఇంటాయన మెట్ల కింద నిలబడి, "వయసొచ్చాక ఈ అలకలేమిటి? దిగిరా. అన్నం ఎవరు వండుతారు?" అన్నాడు.

"మళ్ళీ మంచివాళ్ళు అద్దెకొచ్చేదాకా నేనే ఇక్కడ అద్దెకున్నాననుకోండి. బియ్యం డబ్బాలో ఉన్నాయి."

పదహారు రోజులు అలాగే గడిచాయి. ఆయన అన్నం మాడ్చుకుని తిన్నాడు. ఆవిడకు పైకి వాసన వచ్చేది... దిగిపోదామని కాళ్ళు లాగేవి, దిగలేదు. మేస్త్రీని పిలిపించి చెమ్మ గోడ చెక్కించి పూయించింది, తలుపు సరిచేయించింది. అంతా టీచరు రాసిచ్చిన కాగితం వరసలోనే!

ఆ ఆదివారం ఒక దర్జీ, అతని భార్య ఇల్లు చూడటానికి వచ్చారు. గేటు దగ్గర ఇంటాయన ఎదురయ్యాడు.

"ఓనరు మీరేనాండీ?"

పైన కిటికీ దగ్గర దుప్పట్లమ్మ వింటోంది. ఇంటాయన తలెత్తి ఆ కిటికీ వైపు చూశాడు.

"నేను కాదు. ఓనరు ఆవిడే... పైన ఉంది. ఆవిణ్ణే అడగండి."

ముప్ఫై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట విన్న మొదటిసారి! కళ్ళు చెమర్చాయి. ఎదురెళ్ళి గదులు చూపించింది. దర్జీ మిషను ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు. అతని భార్య కుళాయి తిప్పి చూసి, మామూలుగా అడిగింది.

"ఇదివరకు ఉన్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారండీ?"

వెనకాలే వచ్చిన ఇంటాయన పై మెట్టు మీద ఆగిపోయాడు.

"నీళ్ళు ఆపేశాం. మంచంలో ఉన్న మనిషికి మూడు రోజులు."

"అయ్యో... ఎవరు?"

"నేనే."

ఆలుమగలు మొహమొహాలు చూసుకున్నారు. "ఆలోచించుకుని చెప్తామండీ" అని, ఎక్కినదానికంటే త్వరగా దిగిపోయారు.

"నీకేమైనా పిచ్చా!" అన్నాడు ఇంటాయన. "అక్క చెప్పింది, నేను కట్టాను. నువ్వు ఊళ్ళోనే లేవు. చెయ్యని తప్పు నెత్తినెందుకు వేసుకున్నావు?"

"ఓనరు ఆవిడేనని ఇప్పుడేగా గేటు దగ్గర చెప్పారు?" అంది దుప్పట్లమ్మ నెమ్మదిగా. "ఇల్లు నాదైతే ఇంట్లో జరిగిందీ నాదేనండీ."

ఆయన లోపలికి రాలేక, కిందికి దిగిపోలేక, ఆ పై మెట్టు మీదే కూలబడ్డాడు. ఆవిడ రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.