పోలేరయ్య పాలు

"కాలేజీ పిల్లలు వచ్చి సర్వే చేస్తారంట" అన్న మాట మైపాడు పల్లెపాళెంలో ఉత్తరం కొసన బయలుదేరి దక్షిణం కొసకు చేరేసరికి "సర్వి కోస్తారంట" అయి కూర్చుంది. ఒడ్డు పొడుగునా ఉన్న ఆ సర్వి, అంటే సరుగుడు, తోపే పల్లెకు గాలికి అడ్డు, పొయ్యికి పుల్ల. తెల్లారి బస్సు వచ్చేటప్పటికి ఇరవైమంది ఆడవాళ్ళు కొడవళ్ళతో తోపుకు కాపలా నిలబడ్డారు. అందరికంటే ముందు మాలకొండమ్మ, ఆమె వెనక కోడలు గురవమ్మ.

బస్సు దిగిన పిల్లల చేతుల్లో గొడ్డళ్ళకు బదులు నోటు పుస్తకాలు కనిపించాయి. మత్స్యకారుల సహకార సంఘం కార్యదర్శి ఓబయ్య పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"సర్వి కాదు తల్లుల్లారా, సర్వే! నరికేది గాదు, రాసేది!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. నీ నోరు నరికినా పాపం లేదు" అని మాలకొండమ్మ కొడవలి దించింది. అందరూ నవ్వారు.

ఆ ఏడాది, అంటే అరవై అయిదులో, విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త పాఠం ఒకటి పెట్టారు. పిల్లలు వారానికొక రోజు ఊళ్ళోకి పోయి అక్కడి సంఘంతో కలిసి పని చెయ్యాలి. ఆ పనికి మార్కులు. నెల్లూరు కాలేజీకి మైపాడు సంఘం జత కుదిరింది. పుస్తకానికీ పులుసుకూ పెళ్ళి అన్నమాట. పెళ్ళికి మొదటి కాన్పుగా పల్లెలో చిన్నపిల్లలకు బాలవాడి పెడతారట. దానికి పల్లె మనిషినే పంతులమ్మగా తీసుకొని ఆరు నెలలు నెల్లూరులో నేర్పిస్తారట. అయిదో తరగతి చదివుండాలి. ఇంట్లో మగదిక్కు లేనిదై ఉండాలి.

అయిదో తరగతి గురవమ్మ ఒక్కతే చదివింది. మగదిక్కు సంగతే ఎవరూ తేల్చి చెప్పలేనిది.

ఆమె మొగుడు పోలేరయ్య నాలుగేళ్ళ కిందట గాలివానలో తెప్ప తిరగబడి పోయాడు. శవం దొరకలేదు. సముద్రం తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వకపోతే ఆ పల్లెలో దినాలు చెయ్యరు. తెప్ప ఒడ్డుకొచ్చి చేపలు కుప్పలు పెట్టేటప్పుడు, పోయినవాడి పేరున కూడా ఒక కుప్ప పెడతారు. సముద్రం పాలైనవాడికి ఒడ్డున ఒక పాలు. దాన్ని అమ్మకూడదు, ఇంట్లోనే వండుకోవాలి. పోయినవాడి తల్లీ పెళ్ళామూ ఆ పంపకం దగ్గరకు పోకూడదు. పాలు గంపలో ఇంటికే వస్తుంది.

అట్లా నాలుగేళ్ళుగా గురవమ్మ లేని మొగుడి కష్టం తింటోంది. కవళ్ళ చేపల పులుసు ఉడుకుతుంటే ఆవిరిలో తడి చొక్కా వాసన తగిలేది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎదురుగా ఎవరో కూర్చొని తను తినేవరకూ కాచుకొని ఉన్నట్టుండేది. పొద్దున్నే బొట్టు పెట్టుకోబోయి, ఎవరికోసమని వేలు కాసేపు గాలిలోనే ఆగిపోయేది. ముత్తైదువల్లో ఆమెకు చోటు లేదు, ముండమోపుల్లో పేరు లేదు. ఆ బాలవాడి ఒక్కటి దొరికితే తనకంటూ ఒక పిలుపు ఉంటుందనుకుంది.

రెండు వారాల తర్వాత సంఘం వాకిట్లో ఓబయ్య కాలేజీ నుంచి వచ్చిన పట్టీ చదివాడు. పంతులమ్మ పేరు దగ్గరకొచ్చేసరికి ఆయన తలెత్తి గురవమ్మను వెతికాడు.

"గురవమ్మా... నీ పేరు కొట్టేసినారు. మగదిక్కుండే ఇల్లని రాసిండారు."

"ఏం మగదిక్కు?"

ఓబయ్య కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "పోలేరయ్య, వయసు ముప్పై. ప్రతిదినమూ వేటకు పోవును. విద్యార్థిని స్వయముగా చూసినది."

ఎండలో నిలబడ్డ గురవమ్మకు ఒళ్ళంతా చలి పుట్టింది.

ఇంటికి పోతూనే అత్తను నిలేసింది. "ఏందత్తా, పట్టీ రాసిన ఆ కాలేజీ పిల్లకు నువ్వేం చెప్పినావు?"

"నేనేం చెప్పలేదమ్మే. ఆ పొద్దు నోరే తెరవలా."

"నాలుగేళ్ళుగా తెరవలేదు గదా! లేడని ఒక్క మాట అనుంటే ఈ పాటికి నా బతుకు నాకుండేది."

"అంటే నా బిడ్డ మీద మన్ను పొయ్యమంటావా?"

"పొయ్యడానికి మనిషేడీ?"

మాలకొండమ్మ దెబ్బ తగిలినట్టు గోడకు ఆనుకుంది. గురవమ్మ ఏడుస్తూనే పట్టీలో ఉన్న మాటలు అప్పచెప్పింది. వింటూ వింటూ ముసలామె ముఖం మారిపోయింది. కోపం పోయి, ఏదో వెలుగు వచ్చింది. ఆ వెలుగును చూసే గురవమ్మ భయపడింది.

"చూసిందంటనే! కళ్ళారా చూసిందంట!" అంది మాలకొండమ్మ గుసగుసగా. "వాడు దినామూ వస్తానే ఉండాడు గురవా. మనం పోకూడదు గదా, అందుకే మనకు కనపడలా."

ఆ మాటకు గురవమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నొసటి బొట్టు మీదికి పోయింది. ఒకవేళ... అనుకుంది. ఆ 'ఒకవేళ' వారం రోజులు ఆ ఇంట్లో కాలు చాపుకొని కూర్చుంది. మాలకొండమ్మ దండెం మీది కొడుకు పంచె ఉతికి ఆరేసింది. తలుపు చప్పుడైతే ఇద్దరూ లేచేవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మళ్ళీ కూర్చునేవాళ్ళు.

శనివారం కాలేజీ బస్సు వచ్చింది. తెప్పలు అప్పుడే ఒడ్డెక్కాయి. మాలకొండమ్మ కట్టుబాటు మాట మరిచి పంపకం దగ్గరకే పరుగెత్తింది. వెనకే గురవమ్మ. పట్టీ రాసిన కరుణాకుమారి, రెండు జడల సన్నపాటి పిల్ల, పుస్తకం పట్టుకొని అక్కడే నిలబడి ఉంది. ముసలామె ఆ పిల్ల చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఎట్టుండాడు తల్లీ? చిక్కినాడా? అమ్మను అడిగినాడా?"

"ఎవరండీ?"

"నా కొడుకు పోలేరయ్య. నువ్వు చూసిండావంట గదా!"

కరుణాకుమారి ఓబయ్య వైపు చూసింది. ఆయన తల దించుకొని, పోలేరయ్య చనిపోయి నాలుగేళ్ళయిందని నెమ్మదిగా చెప్పాడు. ఆ పిల్ల పుస్తకం మూసేసింది.

"నేను చూడలేదమ్మా" అంది. "ఆ రోజు కుప్పలు పెడుతూ ఒక్కొక్కరి పేరే పిలిచారు. కాలేజీలో మాకూ అట్లాగే హాజరు వేస్తారు, పలికినవాళ్ళు ఉన్నట్టు. పోలేరయ్యా అని పిలిస్తే 'ఆఁ, ఉండా' అని పలికారు. నేను రాసుకుంటూ తలెత్తలేదు. ఇల్లూ వయసూ సంఘం పుస్తకంలో చూసి వేసుకున్నాను. చూడకుండానే చూశానని రాసేశాను. మార్కులకి అట్లా రాయాలి. తప్పు నాదేనమ్మా."

"పలికినారా?" అంది గురవమ్మ. "ఎవరు పలికింది?"

కుప్పల వెనకనుంచి చిన్నపోలయ్య లేచి నిలబడ్డాడు. మాలకొండమ్మ తమ్ముడు, ఆ గాలివాన నాడు పోలేరయ్యతో తెప్ప మీద ఉన్నవాడు ఆయనొక్కడే.

"నేనే అక్కా."

"నువ్వెందుకురా పలికేది? కుప్ప పెట్టడమే గదా కట్టుబాటు!"

చిన్నపోలయ్య ఇసుకలోకి చూస్తూ చెప్పాడు. "ఆ పొద్దు తెప్ప తిరగబడి, కట్లు తెగి విడిపొయ్యి నాకొక దుంగ దొరికింది. వాడు యాడో చీకట్లో 'మామా' అన్నాడు. మూడుసార్లు అన్నాడక్కా. పలికితే నా కాడికి ఈదుకొస్తాడు, ఒక్క దుంగ ఇద్దరిని మొయ్యదు. నేను పలకలా. నాలుగోసారి వాడు పిలవలా. అప్పట్నుంచీ వాడి పేరు చెవిన పడితే పలక్కుండా ఉండలేకుండా ఉండా."

మాలకొండమ్మ ఆయన చెంప మీద ఒక్కటి కొట్టింది. మళ్ళీ కొట్టబోయిన చెయ్యి ఆయన మెడ చుట్టూ పడింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఇసుకలో కూలబడ్డారు. ముసలామె తమ్ముడి తల నిమిరింది.

"ఇంక వాడి బదులు పలకబాకరా. పోయినోడిని పోనీ."

ఆమె లేచి, కళ్ళు తుడుచుకొని, చుట్టూ చేరిన పల్లెవైపు తిరిగింది.

"ఈ పిల్లను ఎవరూ ఏమీ అనబాకండి. నా తమ్ముడు పలికినాడు, ఈ బిడ్డ వాడు ఉండాడని రాసుకునింది. వాళ్ళిద్దరి తప్పూ ఒక్క పొద్దుది. నాది నాలుగేళ్ళది. నా కోడల్ని ఇంట్లో పెట్టి, లేనోడికి కాపలా పెట్టినాను." కరుణాకుమారి వైపు తిరిగింది. "రాయి తల్లీ. మాలకొండమ్మ కొడుకు పోలేరయ్య సముద్రంలో చచ్చిపోయినాడు. బిన్నే రాయి, ఆలీసం చెయ్యబాక, రెండోసారి చెప్పలేను."

ఆ పిల్ల రాయలేక కలం గురవమ్మ ముందుకు చాపింది. గురవమ్మ పుస్తకం తీసుకుంది. మోకాలి మీద పెట్టుకొని, అయిదో తరగతి గుండ్రటి అక్షరాలతో ఆ మాటలు తనే రాసింది.

మాలకొండమ్మకు చదువు రాదు. పక్కన కూర్చొని కాగితం మీదికి వంగింది.

"వాడి పేరేదమ్మే?"

గురవమ్మ అత్త వేలు పట్టుకొని, అక్షరం అక్షరంగా ఆ పేరు మీద నడిపించింది.